చప్పట్లు కొనుక్కునేవాళ్ళు

రికార్డుల కోసం హైటెక్ సిటీకి వెళ్తున్నానంటే మావాళ్ళు నవ్వారు. పాత సామాన్లకి జుమ్మెరాత్ బజార్ ఉంది, పాత పుస్తకాలకి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ ఉంది, అద్దాల మేడల్లో గ్రామఫోన్ ప్లేట్లేమిటి అన్నారు. వాళ్ళకి తెలియనిది ఏమిటంటే హైదరాబాదులో రికార్డులకి ఇప్పుడు రెండు దారులున్నాయి. తాతల ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు బయటపడేవి ఎర్రగడ్డ, పాతబస్తీ వైపు చేరతాయి. విమానాల్లో సూట్‌కేసుల్లో దిగేవి కొండాపూర్, గచ్చిబౌలి, మణికొండ ఫ్లాట్లకి చేరతాయి. రెంటికీ మధ్య మెట్రోలో గంట ప్రయాణం కూడా లేదు. ఒక ఆదివారం రెండూ చూసి వద్దామని బయల్దేరాను.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో మిక్సీ గిన్నెలు, రిమోట్లు, మోటార్లు, విరిగిన కుర్చీలు దాటి వెళ్తే ఒక టార్పాలిన్ మీద రికార్డులు కనిపించాయి. పైన కుక్కబొమ్మ హెచ్.ఎం.వి. లేబుల్‌తో హిందీ సినిమాలు, వాటికింద ఘంటసాల భగవద్గీత, ఇంకా కింద దానవీరశూరకర్ణ డైలాగుల ఎల్పీ. ఆ ఎల్పీ చూస్తే ఊళ్ళో మైకుసెట్టు కుర్రాడు గుర్తొచ్చాడు. పెళ్ళి ఎవరిదైనా సుయోధనుడి గొంతు మాత్రం ఊరంతా వినాల్సిందే. రాక్ ఏమైనా ఉందా అని అడిగాను.

"ఇంగ్లీషువి దొరుకుతలేవ్ సార్. వచ్చినా నిలుస్తలేవ్. సాఫ్ట్‌వేరోళ్ళు నంబరిచ్చి పోయిండ్రు, ఏదొచ్చినా ముందు వాళ్ళకే ఫోన్ చెయ్యాలె" అన్నాడు అమ్మేవాడు.

ఒకప్పుడు ఇంగ్లీషువీ ఇక్కడివే. కలకత్తా పక్కన దమ్‌దమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ బీటిల్స్ నుంచి పింక్ ఫ్లాయిడ్ దాకా అచ్చుకొట్టింది. 1960ల్లో మిగతా ప్రపంచం వినైల్ రికార్డులకి మారిపోయాక కూడా మన దేశంలో కరెంటు లేని ఇళ్ళలో చేత్తో తిప్పే పెట్టెలు చాలానే ఉండేవి. అందుకని బీటిల్స్ పాటల్ని 78 వేగం లక్క ప్లేట్ల మీద కూడా వేశారు. ఇవాళ లండన్, టోక్యో సేకర్తలు వాటికోసం పెద్ద మొత్తాలు పెడతారు. లిమిటెడ్ ఎడిషన్ అనే మాట ఎవరూ అనుకోకుండానే మన పేదరికం ఒక లిమిటెడ్ ఎడిషన్ తయారుచేసింది. టార్పాలిన్ మీద అలాంటివి లేవు. ఉన్న ఒక్క ఆబ్బా రికార్డు ఎండకి అప్పడంలా వంగిపోయింది. మే నెలలో రికార్డులు పడుకోబెట్టకూడదు, నిలబెట్టాలి. సంతలో ఆ సంగతి ఎవరికి చెబుతాం!

ఎర్రగడ్డలో ఎర్రలైను ఎక్కి అమీర్‌పేటలో దిగి నీలంలైనుకి మారాను. ఆదివారమైనా బోగీ నిండా జనమే. వీపుసంచులు మాత్రం లేవు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మగుడి దాటాక కిటికీలోంచి బండరాళ్ళు కనిపించడం మొదలైంది. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఈ దక్కను గ్రానైటు వయసు 250 కోట్ల ఏళ్ళంటారు. వాటిని పేల్చి పునాదులు తీసిన దుమ్ము ఈ కారిడార్‌లో పాతికేళ్ళుగా గాల్లోనే ఉంది. రికార్డులకి ఎండ తర్వాత ఇదే శత్రువు. దుర్గంచెరువు స్టేషన్ దాటి, హైటెక్ సిటీలో దిగాను. మెట్రో ఇక్కడికి 2019 మార్చిలో వచ్చింది. దీనంతటికీ మూలమైన సైబర్ టవర్స్‌ని 1998 నవంబర్ 22న వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ గుండ్రటి భవనం ఫొటో అప్పట్లో ప్రతి తెలుగు పత్రికలోనూ వచ్చింది. ఇప్పుడు చుట్టూ లేచిన మేడల మధ్య అది చిన్నబోయి కనిపిస్తుంది. అక్కడినుంచి కొండాపూర్‌కి ఆటో మాట్లాడుకున్నాను.

నేను వెళ్ళింది ఒక ఖమ్మం ఆయన ఇంటికి. పేరు రాయొద్దన్నారు. "ఆఫీసులో తెలిస్తే ప్రతివాడూ ఒకటి అరువు అడుగుతాడండీ" అని కారణం. మైండ్‌స్పేస్‌లో ఒక కంపెనీలో ఆయన పని బ్యాకప్‌లు చూడటం. ఏ డేటా అయినా కనీసం మూడు కాపీలుండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి, అడిగితే పది నిమిషాల్లో తిరిగి తేవాలి. వారమంతా అలా కాపీల మీద కాపీలు తీసే మనిషి, ప్రపంచం మొత్తమ్మీద కొన్ని వందలో వేలో మాత్రమే ఉన్న వస్తువుల్ని ఇంట్లో దాచుకుంటున్నారు. అందులోనూ అన్నీ కాదు. స్టూడియో ఆల్బంలు కొనరు. కచేరీలో రికార్డు చేసిన రాక్ మాత్రమే, అదీ వినైల్ మీద, వీలైతే నంబరేసినవి. ముందుగదిలో గోడనిండా అరలు. కిటికీకి రబ్బరు పట్టీలు, బయట దుమ్ము రాకుండా. టీపాయ్ మీద బ్రష్షు, డిస్టిల్డ్ వాటర్ సీసా.

"మొదట ఇది చూడండి" అని ఆయన తీసింది ది హూ వాళ్ళ లైవ్ ఎట్ లీడ్స్. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ విశ్వవిద్యాలయం భోజనశాలలో జరిగిన కచేరీ అది. అట్ట చూస్తే పోస్టాఫీసు పార్సిల్‌లా ఉంది. గోధుమరంగు కాగితం మీద రబ్బరు స్టాంపు, అంతే. లోపల సంచిలో బ్యాండుకి వచ్చిన ఉత్తరాలు, ఒప్పందాల నకళ్ళు, వాటిలో వుడ్‌స్టాక్ కచేరీ ఒప్పందం కూడా. లేబుల్ మీద చేతిరాతతో ఇంజనీర్లకి ఒక సూచన: చిటపట శబ్దాలు సరిచేయొద్దని. ఇంత పెద్ద బ్యాండు ఇంత బీద వేషం ఎందుకు వేసింది? దొంగ రికార్డుల్ని అనుకరించడానికి.

ఈ కథ ఆయన చెప్పేసరికి టీ చల్లారిపోయింది. 1969లో బాబ్ డిలన్ విడుదల చేయని పాటలతో గ్రేట్ వైట్ వండర్ అనే పేరున ఒక దొంగ రికార్డు బయటికొచ్చింది. అదే ఏడాది రోలింగ్ స్టోన్స్ ఓక్‌లాండ్‌లో చేసిన కచేరీని ఎవరో రహస్యంగా రికార్డు చేసి అమ్మారు. మరుసటి ఏడు స్టోన్స్ తమ సొంత లైవ్ ఆల్బం తీసుకొచ్చారు. తెల్లటి అట్ట, స్టాంపు ముద్ర, కొద్ది కాపీలు, చేతి నుంచి చేతికి అమ్మకం, ఇవన్నీ చట్టానికి భయపడి పుట్టిన అలవాట్లు. ఇవాళ్టి లిమిటెడ్ ఎడిషన్ లైవ్ ఆల్బంకి పూర్వీకులు ఆ దొంగలే. 2000లో పెర్ల్ జామ్ తన పర్యటనలోని కచేరీల్ని వరసపెట్టి తానే అమ్మకానికి పెట్టి వాటికి అధికారిక బూట్‌లెగ్ (దొంగ రికార్డు) అని పేరు పెట్టింది. దొంగ చేసే పని యజమానే చేసేశాడు.

జపాను కథ ఇంకో రకం. డీప్ పర్పుల్ బ్యాండు 1972 ఆగస్టులో ఒసాకాలో రెండు రాత్రులు, టోక్యో బుడోకాన్‌లో ఒక రాత్రి వాయించింది. రికార్డు చేయాలన్నది జపాను కంపెనీ కోరిక, జపాను కోసమే అన్నది మొదటి ఆలోచన. చివరికది మేడ్ ఇన్ జపాన్ అని ప్రపంచమంతా తిరిగింది. నాలుగు వైపులు, ఏడే ఏడు పాటలు. ఒక వైపు మొత్తం ఒకటే పాట, ఇరవై నిమిషాలు. చీప్ ట్రిక్ అనే అమెరికా బ్యాండు 1978లో బుడోకాన్ ఆల్బం జపానులో మాత్రమే విడుదల చేసింది. అమెరికా రేడియోవాళ్ళు, దుకాణాలవాళ్ళు జపాను నుంచి కాపీలు తెప్పించుకుని వినిపించి అమ్మేసరికి 1979లో సొంత దేశంలో విడుదల చేయక తప్పలేదు. ఆ రికార్డు మీద పాటకన్నా ముందు టోక్యో ఆడపిల్లల అరుపులే వినిపిస్తాయి. ఆయన వాల్యూం పెంచారు.

లోపలి గదిలోంచి వాళ్ళమ్మగారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "ఆ ప్లేటు మళ్ళీ పెట్టావా? అంత అరుస్తున్నారు, ఎవరికిరా ఆ చప్పట్లు?"

"పాడేవాళ్ళకమ్మా."

"వాళ్ళు ఇంకా పాడనే లేదుగా!"

ఆవిడ అన్నదాంట్లోనే ఈ వ్యవహారమంతా ఉందని నాకనిపించింది. స్టూడియో ఆల్బం అయితే పాట ఒక్కటే. లైవ్ ఆల్బంలో పాటతోపాటు ఒక హాలు, ఒక రాత్రి, ఎవరో కొన్ని వేలమంది ఊపిరి కొనుక్కుంటాం. ఖమ్మంలో పుట్టి 1990ల్లో అరువు క్యాసెట్ల మీద రాక్ విన్న కుర్రాడికి ఆ హాలు ఎప్పుడూ దొరకలేదు. ఐరన్ మెయిడెన్, మెటాలికా బెంగళూరుకొచ్చే రోజులకి ఆయన అమెరికాలో ఆన్‌సైట్‌లో ఉన్నారట. ఆయన తిరిగి వచ్చాక అవి రాలేదు. అందుకే ఈ అరలు.

నంబర్ల మీద మాత్రం నాకు ఆయనంత భక్తి లేదు. రికార్డు తయారీ తెలిస్తే ఆ నంబరులో మాయ కొంత కరుగుతుంది. లక్కర్ పూసిన పళ్ళెం మీద గాడి కోస్తారు. దానికి వెండి పూత పట్టించి నికెల్ అచ్చులు తీస్తారు. ఆ అచ్చుల మధ్య వేడి వినైల్ ముద్ద పెట్టి నొక్కుతారు. ఒక అచ్చు అటూ ఇటూగా వెయ్యి కాపీల దాకా బాగా పనిచేస్తుంది. అంటే వెయ్యి లోపు కాపీలతో ఆగిపోవడం వెనక కళ ఎంతో, ఖర్చు లెక్క కూడా అంతే. రంగు వినైల్, పాలరాయి చారల వినైల్, బొమ్మ అచ్చువేసిన పిక్చర్ డిస్క్ ఇవన్నీ అదే కచేరీని మూడోసారి, నాలుగోసారి అమ్మే ఉపాయాలు. పిక్చర్ డిస్క్ అయితే మామూలు నల్ల రికార్డు కన్నా ఎక్కువ చప్పుడు చేస్తుంది కూడా, చూడ్డానికే బాగుంటుంది. ఈ మాట అంటే ఆయన నొచ్చుకోలేదు. "తెలుసండీ. కానీ నంబరు ఉంటే కొన్నవాడు పారేయడు. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఎక్కడో ఒకటి మిగులుతుంది" అన్నారు. బ్యాకప్ మనిషి అనిపించుకున్నారు.

ఆయన సేకరణలో సగం మౌంటెన్ వ్యూ, శాన్ హోసే ఊళ్ళ నుంచి వచ్చింది. ఏటా ఏప్రిల్‌లో ఒక శనివారం రికార్డ్ స్టోర్ డే జరుగుతుంది. ఆ రోజు చిన్న దుకాణాల్లో మాత్రమే అమ్మే ప్రత్యేక ముద్రణలుంటాయి, వాటిలో లైవ్ ఆల్బంలు పెద్ద వాటా. మొట్టమొదటిది 2008 ఏప్రిల్ 19న. ఆ రోజు మెటాలికా వచ్చి కూర్చున్నది మౌంటెన్ వ్యూలో రాస్‌పుటిన్ అనే దుకాణంలో. ఇడ్లీ పిండి, గోంగూర దొరికే వీధులకి అది ఎంతో దూరం కాదు. ఆ దుకాణాల ముందు తెల్లవారుజామున వరసలో నిలబడ్డవాళ్ళలో తానొక్కడే తెలుగువాణ్ణి కానని ఆయన చెప్పారు. సియాటిల్ వైపు వెళ్ళినవాళ్ళకి ఈజీ స్ట్రీట్ అనే దుకాణం ఉంది. పెర్ల్ జామ్ 2005లో ఆ దుకాణంలోనే కచేరీ చేసింది. ఆ రికార్డింగు సీడీగా 2006లో చిన్న దుకాణాలకే ఇచ్చారు, వినైల్ రావడానికి 2019 రికార్డ్ స్టోర్ డే దాకా ఆగాల్సి వచ్చింది. హైటెక్ సిటీ నుంచి రెడ్‌మండ్‌కి తిరిగే ఇంజనీర్లలో ఒకరు దాన్ని చీరల మధ్య పెట్టి తెచ్చారు. వచ్చేటప్పుడు రికార్డులు, వెళ్ళేటప్పుడు పచ్చళ్ళు.

ఇదంతా ఒక చిన్న గుంపు పిచ్చి అనుకోవడానికి లేదు. 2022లో అమెరికాలో 4 కోట్ల 10 లక్షల వినైల్ ఆల్బంలు అమ్ముడైతే, సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తర్వాత వినైల్ సీడీని కాపీల లెక్కలో దాటడం అదే మొదలు. గాడి కోయడానికి కావలసిన లక్కర్ పళ్ళేలు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచంలో రెండే ఉంటే, కాలిఫోర్నియాలోది 2020 ఫిబ్రవరిలో కాలిపోయింది. జపానుది మిగిలింది. అప్పటినుంచి కొత్త ముద్రణలకి నిరీక్షణ పెరిగింది, ధరలూ పెరిగాయి. రెండు డిస్కుల దిగుమతి ఆల్బం ఇక్కడికొచ్చేసరికి నాలుగైదు వేలు మామూలు. పైన కస్టమ్స్.

మధ్యాహ్నం పప్పు, దోసకాయ పచ్చడి, పెరుగు. తిన్నాక ఆయన నాకోసం ఒక నారింజరంగు పెట్టె తీశారు. కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్, మూడు రికార్డులు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జార్జ్ హారిసన్, రవిశంకర్ కలిసి చేసిన కచేరీ. మొదటి వైపు మొత్తం రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లారఖా తబలా. వాళ్ళు శ్రుతి చేసుకుంటుంటే అదే పాటనుకుని జనం చప్పట్లు కొట్టారు. శ్రుతే ఇంత నచ్చితే కచేరీ ఇంకా నచ్చుతుందని ఆశిద్దామని రవిశంకర్ చమత్కరించారు. ఆ మాటా, ఆ నవ్వులూ అన్నీ రికార్డు మీద ఉన్నాయి. ఎవరైనా సర్దేసి ఉంటే ఏం మిగిలేది? చాలా లైవ్ ఆల్బంలని సర్దారు కూడా. థిన్ లిజ్జీ 1978 ఆల్బంలో ఎంత కచేరీ, ఎంత స్టూడియో అన్నదాని మీద బ్యాండుకీ నిర్మాతకీ ఎన్నడూ మాట కలవలేదు. నా మట్టుకు నాకు శ్రుతి తప్పిన నిజం మీదే మక్కువ.

తర్వాత ఐరన్ మెయిడెన్ ఫ్లైట్ 666. గాయకుడు బ్రూస్ డికిన్సన్ తానే బోయింగ్ 757 నడుపుతూ బ్యాండునీ సామానునీ వేసుకుని దేశాలు తిరిగిన 2008 యాత్ర ఆల్బం. ఒక్కో పాట ఒక్కో ఊరిది. మెల్‌బోర్న్, సిడ్నీ, టోక్యో, లాస్ ఏంజెలెస్ అన్నీ ఉన్నాయి. వాటన్నిటికన్నా ముందు, మొదటి పాట 2008 ఫిబ్రవరి 1న ముంబయిలో రికార్డు చేసింది. ఆయన దగ్గరున్నది పిక్చర్ డిస్క్. నేను ఇందాక తిట్టిన రకమే. సూది దిగగానే చప్పుడు వచ్చింది. దాన్ని మింగేస్తూ జనం కేకలు వచ్చాయి. ఆ కేకల్లో హైదరాబాదు నుంచి రైలెక్కి వెళ్ళిన తన స్నేహితులు నలుగురున్నారట. ఈ అరల్లో ఇన్ని వందల రాత్రులుంటే, తనకి తెలిసిన మనుషుల గొంతు ఉన్నది ఈ ఒక్క వైపునే అన్నారు. మనవాడు పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన సాటర్‌డే నైట్ ఇన్ బాంబే కూడా ముంబయి జనం ముందే రికార్డయింది. అయితే దాన్ని రాక్ అరలో పెట్టాలా వద్దా అని ఆయన ఇంకా తేల్చుకోలేదు. నేనైతే పెట్టేస్తాను.

మరి హైదరాబాదు జనం కేకలో? ఈ ఊళ్ళో కచేరీలకి తక్కువేం లేదు. బ్రయాన్ ఆడమ్స్ ఒకటికి రెండుసార్లు వచ్చి పాడాడు. శిల్పకళావేదిక ఉంది, హైటెక్స్ మైదానం ఉంది, మాదాపూర్, కొండాపూర్ పబ్బుల్లో వారాంతాల్లో గిటార్లు మోగుతూనే ఉంటాయి. కాప్రిషియో, చౌరస్తా లాంటి బ్యాండ్లు తెలుగులోనే రాసుకుని పాడి పేరు తెచ్చుకున్నాయి. కానీ వాళ్ళ పాటలు మనకి ఫోన్ తెర మీదే. జనంతో కలిసి ఊగిన ఒక రాత్రి మొత్తాన్ని డిస్కుగా ఆయన అరలో నేను చూడలేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. పెద్ద ప్లాంట్లు కనీసం కొన్ని వందల కాపీలైనా లేనిదే అచ్చు పెట్టవు. మన దేశంలో వినైల్ అచ్చు 1990ల్లో ఆగిపోయి, 2024లో ముంబయిలో మళ్ళీ మొదలైంది. అంతవరకు యూరపుకో జపానుకో పంపాల్సి వచ్చేది. పైగా ఒక వైపుకి ఇరవై రెండు నిమిషాలు దాటితే గాళ్ళు సన్నబడి శబ్దం తగ్గిపోతుంది. మన బ్యాండ్లకి పాట మధ్యలో ఆపి కబుర్లు చెప్పే అలవాటు ఎక్కువ.

సాయంత్రం ఆయనే నన్ను మాదాపూర్‌లో ఒక పబ్బుకి తీసుకెళ్ళారు. కుర్ర బ్యాండు, ముగ్గురు అబ్బాయిలు, డ్రమ్స్ మీద ఒక అమ్మాయి. ఆదివారం కూడా మెళ్ళో ఐడీ కార్డులు తీయడం మర్చిపోయినవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. మూడో పాటకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా డ్రమ్స్ ఒక్కటే నడిచింది, హాలంతా గొంతు కలిపి పాటని మోసింది. ఈ జనం ఇంత బాగా పాడతారని నేనెప్పుడూ అనుకోలేదు. పక్కన చూస్తే ఆయన లేరు. వెనక మిక్సర్ బల్ల దగ్గర సౌండ్ ఇంజనీర్ చెవిలో అరుస్తున్నారు.

"రికార్డవుతోందా తమ్ముడూ?"

"అన్నీ అవుతాయన్నా. దేని ట్రాక్ దానికి వేరు. ల్యాప్‌టాప్‌లో పడతాయి."

"జనానికి మైకు పెట్టావా?"

"రెండున్నాయి, పైన. బ్యాండోళ్ళ ఇయర్‌ఫోన్లలోకి పంపేందుకు."

"పాతవి ఏం చేస్తావ్?"

"డిస్కు నిండితే తీసేస్తా అన్నా. ఎవడు అడుగుతాడు?"

బ్యాకప్ ఆఫీసరు ముఖం చూడాలి. ఎన్నాళ్ళవి ఉన్నాయి, ఏ బ్యాండ్లవి, ఏ ఫార్మాట్లో, ఎన్ని గిగాబైట్లు అని ప్రశ్న మీద ప్రశ్న. రేపే హార్డ్ డిస్క్ తెస్తాను, ఏదీ తుడిచేయొద్దు అన్నారు. ఇంజనీర్ కుర్రాడు కాసేపు ఆలోచించి, హెడ్‌ఫోన్ మెళ్ళోకి జార్చి అన్నాడు: "నాదేం లేదన్నా, తీసుకో. కానీ పాటలు వాళ్ళవి. బ్యాండోళ్ళని అడుగు. పబ్బోళ్ళని కూడా అడగాలేమో."

ఆయన వేదిక వైపు నడిచారు. ఇంటర్వెల్‌కి ఇంకా రెండు పాటలున్నాయి.